చెప్పినందుకు బడి మానాలా?

2017 మే నెల. హరియాణాలోని రేవాడీ జిల్లా, గోథ్రా టప్పా దహీనా అనే ఊరు. అక్కడి బడి పదో తరగతితో ఆగిపోయేది. పై తరగతులు చదవాలంటే దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలోని పక్క ఊరికి వెళ్లాలి. దారిలో బైకుల మీద వచ్చే కుర్రాళ్ల వేధింపులు. విసిగిపోయిన ఎనభై మంది దాకా అమ్మాయిలు మండుటెండలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. కొందరు సొమ్మసిల్లి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి ప్రభుత్వం దిగివచ్చి, ఆ బడిని పన్నెండో తరగతి దాకా పెంచుతూ ఉత్తర్వు ఇచ్చింది.

వాళ్లు ఏం అడిగారో గమనించాలి. ఫలానావాణ్ని జైల్లో పెట్టమనో, తమకు కరాటే నేర్పమనో దీక్షకు కూర్చోలేదు. మా ఊళ్లోనే పై తరగతులు పెట్టండి అన్నారు. దారిలో ఏం జరుగుతోందో ఇంట్లో చెబితే వచ్చే జవాబు వాళ్లకు ముందే తెలుసు: ‘అయితే రేపట్నుంచి వెళ్లొద్దులే.’ ఏడిపించినవాడు అదే రోడ్డు మీద తిరుగుతుంటాడు. చెప్పిన పిల్ల ఇంట్లో కూర్చుంటుంది.

బాలికా దినోత్సవ సభల్లో వక్తలు ఏటా చెప్పే మాట ‘ధైర్యంగా ముందుకు రండి’. అమ్మాయిల్లో ధైర్యానికి కొరత లేదు. చెప్పాక ఏమవుతుందన్నదే వాళ్ల భయం. చదువు ఆగిపోతుందా, ఫోన్ లాక్కుంటారా, సంబంధాలు చూడటం మొదలుపెడతారా, నలుగురి నోళ్లలో తన పేరు నానుతుందా? పద్నాలుగేళ్ల పిల్ల కూడా ఈ లెక్క వేసుకునే నోరు మెదుపుతుంది, లేదా మూసుకుంటుంది. గత అయిదు దశాబ్దాల కేసులను, చట్టాలను, అధ్యయనాలను వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. చెప్పినందుకు అమ్మాయి చెల్లించుకోవాల్సిన మూల్యం ఎక్కడ తగ్గిందో అక్కడ అమ్మాయిలు మాట్లాడారు. తగ్గని చోట ఎన్ని నినాదాలు ఇచ్చినా మాట్లాడలేదు.

మౌనం ఎంత లోతైనదో లెక్కలు చెబుతాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నవారు 53 శాతం పైచిలుకు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధితుల్లో అబ్బాయిలు సగానికి పైగా ఉండటం ఆ నివేదిక చూసినవారిని నిశ్చేష్టుల్ని చేసింది. అంతకన్నా బాధ కలిగించేది మరొకటి: అత్యధికులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పెద్దయ్యాక కూడా ఆ మౌనం వీడదు. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శారీరక, లైంగిక హింసను అనుభవించిన మహిళల్లో సాయం కోరినవారు 14 శాతం. ఎవరికీ చెప్పుకోనివారు, సాయమూ అడగనివారు 77 శాతం. భార్యను కొట్టడం కొన్ని సందర్భాల్లో సమంజసమే అన్న మహిళలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన రెండు తెలుగు రాష్ట్రాలవే. హిమాచల్‌ప్రదేశ్‌లో అది 15 శాతం లోపే. చదువులో, ఐటీ ఉద్యోగాల్లో మన ఆడపిల్లల ప్రగతి గురించి గొప్పగా చెప్పుకునే మనం ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. కొట్టడం తప్పు కాదనుకునే ఇంట్లో పెరిగే పిల్లకు, తనకు జరిగినదాన్ని ‘హింస’గా గుర్తించడానికే ఏళ్లు పడుతుంది. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల వయసున్న ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. ఇదీ ఆ సర్వే చెప్పిందే. ఇష్టంలేని పెళ్లి నుంచి బయటపడటమే వీళ్లలో చాలామందికి తొలి పోరాటం.

నోరు విప్పితే ఏమవుతుందో అమ్మాయిలకు నేర్పింది మన వ్యవస్థలే. 1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఇద్దరు పోలీసులు అత్యాచారం చేశారని ఒక ఆదివాసీ బాలిక ఫిర్యాదు చేసింది. చరిత్రలో ‘మథుర కేసు’గా నిలిచిన ఆ ఉదంతంలో ఆమె వయసు పద్నాలుగు, పదహారేళ్ల మధ్య. కింది కోర్టు ఆమెను అబద్ధాలకోరు అంది. హైకోర్టు పోలీసులకు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవు, అరవలేదు కాబట్టి ఇష్టంతోనే జరిగిందన్నది తీర్పులోని తర్కం. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు ఆ తీర్పును ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా మహిళలు వీధుల్లోకి వచ్చారు.

సరిగ్గా అదే 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. ఆమె నడతను బజారుకీడ్చే ప్రయత్నాలు మాత్రం ఆగలేదు. కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయిన కేసులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఈ రెండు ఉదంతాల వేడిలోంచే 1983లో అత్యాచార చట్టానికి సవరణ వచ్చింది. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది, విచారణ మూసిన తలుపుల వెనక జరగాలన్నారు. అయినా ఆమె ‘నడత మంచిది కాదు’ అని కోర్టులో వాదించే వీలు కల్పించిన నిబంధన 2002 చివరిదాకా సాక్ష్య చట్టంలో ఉండిపోయింది.

1990లో హరియాణాలోని పంచకులలో టెన్నిస్ నేర్చుకుంటున్న పద్నాలుగేళ్ల అమ్మాయి కథ మరింత కలచివేస్తుంది. రాష్ట్ర టెన్నిస్ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న ఐపీఎస్ అధికారి తనతో అసభ్యంగా ప్రవర్తించాడని ఆమె చెప్పింది. ఆమె మౌనంగా లేదు, ఇంట్లోవాళ్లూ వెనకాడలేదు. ప్రతిఫలంగా బడి ఆమె పేరు కొట్టేసింది. అన్న మీద వరసగా దొంగతనం కేసులు పడ్డాయి. మూడేళ్లు భరించి 1993 డిసెంబరులో ఆ పిల్ల విషం తాగింది. ఆ అధికారి రాష్ట్ర పోలీసు బాస్ స్థాయికి ఎదిగాడు. 2009లో కోర్టు అతనికి వేసిన శిక్ష ఆరు నెలలు. పంతొమ్మిదేళ్లపాటు కేసును బతికించింది ఘటనను కళ్లారా చూసిన ఆమె స్నేహితురాలు, ఆ స్నేహితురాలి తల్లిదండ్రులు. పంచకుల అమ్మాయి చేయాల్సిందంతా చేసింది. ఆమె చుట్టూ ఉన్న బడి, స్టేషన్, సచివాలయం చేయాల్సింది చేయలేదు.

ఈ నేపథ్యంలో చూస్తే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం విలువ అర్థమవుతుంది. ఆ ఏడాది మే 13న ఆమిర్ ఖాన్ టీవీ కార్యక్రమం ‘సత్యమేవ జయతే’ పిల్లల మీద లైంగిక హింసను చర్చకు పెట్టింది. తెలుగు ఇళ్లలోనూ ఈటీవీలో దాన్ని చూశారు. అదే నెలలో పార్లమెంటు బిల్లును ఆమోదించింది, నవంబరు 14 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలోని శిక్షల గురించి అందరికీ తెలుసు. చెప్పే పిల్ల కోసం అందులో రాసిన ఏర్పాట్ల గురించే తెలియదు. వాంగ్మూలం ఇవ్వడానికి అమ్మాయి స్టేషన్ మెట్లెక్కనక్కర్లేదు. ఇంటి దగ్గరో, తను కోరిన చోటో పోలీసులే వచ్చి రాసుకోవాలి. వచ్చేది వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళ అయి ఉండాలి, యూనిఫాంలో రాకూడదు. తల్లిదండ్రులో, పిల్ల నమ్మిన మనిషో పక్కన ఉండాలి. రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. కోర్టులో నిందితుడు ఎదురుపడకూడదు, ప్రశ్నల్ని లాయరు నేరుగా గుప్పించకుండా జడ్జి ద్వారా అడగాలి. సాక్ష్యం ముప్పై రోజుల్లో, విచారణ వీలైతే ఏడాదిలో పూర్తి కావాలి. పిల్ల చెప్పింది అబద్ధమని తేలినా ఆ పిల్లకు శిక్ష ఉండదు.

ఇవన్నీ కాగితం మీదే ఉన్నాయనడం అన్యాయం. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఈ నిబంధనలను గోడలు, గదులు, మనుషుల రూపంలో చూపించింది. కౌన్సెలింగ్, వైద్యం, పోలీసు వాంగ్మూలం, న్యాయ సహాయం ఒకే కప్పు కింద దొరుకుతాయి. దానికి అనుబంధంగా 2017 చివర్లో పిల్లలకు అనువైన కోర్టు కూడా వచ్చింది. జరిగిందాన్ని నలుగురు అధికారుల ముందు నాలుగుసార్లు చెప్పుకోవాల్సిన నరకం అక్కడ చాలావరకు తప్పింది. కేంద్రం 2015లో ప్రారంభించిన ‘సఖి’ వన్ స్టాప్ సెంటర్లూ ఇదే ఆలోచనతో జిల్లాల్లో నడుస్తున్నాయి. అంతకుముందే, 2006లో, భూమిక మహిళా పత్రిక నుంచి పుట్టిన హెల్ప్‌లైన్ తెలుగులో, ఊరూ పేరూ గుచ్చి అడగకుండా మహిళల మాట వినడం మొదలుపెట్టింది. తెలుగు నేల మీద ఈ సంప్రదాయం కొత్తది కాదు.

షీ టీమ్స్ అనుభవం మరో పాఠం. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో ఈ పేరుతో మఫ్టీ పోలీసు బృందాలు బస్టాపులు, కాలేజీల దగ్గర నిలబడటం మొదలుపెట్టాయి. ఆకతాయిలను వీడియో తీసి పట్టుకున్నారు. దొరికినవాడు మైనరైతే తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చారు. ఫిర్యాదు వాట్సాప్‌లో పంపినా చాలన్నారు, ఆ అమ్మాయి పేరు బయటపడకుండా చూస్తామన్నారు. తన పేరు, తండ్రి పేరు, కాలేజీ పేరు పేపర్లో పడవన్న నమ్మకం దొరకగానే ఫిర్యాదులు పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దిశ యాప్, 2025లో శక్తి యాప్ ఇలాంటి ఉద్దేశంతోనే వచ్చాయి. కానీ మీట నొక్కితే పోలీసులొచ్చే యాప్ వీధిలో ఎదురైన అపరిచితుడి విషయంలో పనికొచ్చినంతగా ఇంట్లో మనిషి విషయంలో పనికిరాదు. పైగా సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతమేనని అదే కుటుంబ ఆరోగ్య సర్వే అంటోంది. ఎనిమిదో తరగతి పిల్ల చేతిలో ఫోన్ ఉంటుందనుకోవడం నగరాల్లో కూర్చున్నవారి ఊహ.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పిల్లల మీద జరిగిన అత్యాచార కేసుల్లో చాలావరకు నిందితుడు తెలిసినవాడేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. 2021లో అలాంటివి 96 శాతానికి పైగా ఉన్నాయి. తెలిసినవాళ్లంటే ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు, నాన్న స్నేహితుడు, ప్రేమ పేరుతో దగ్గరైనవాడు. ‘బాబాయి ఇంటికి నేను రాను’, ‘ట్యూషన్ మానేస్తా’, ‘ఆ బస్సులో వెళ్లను’, ‘ఊరికే కడుపునొప్పి వస్తోంది’. అమ్మాయిలు చెప్పే తీరు ఇలాగే ఉంటుంది. వాళ్లు చెబుతూనే ఉంటారు. పెద్దవాళ్లు దాన్ని గారంగానో, పొగరుగానో, చదువు ఎగ్గొట్టే సాకుగానో తీసుకుంటారు. చివరికి ఒకరోజు ఉన్నదున్నట్టు చెప్పేస్తే, ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు?’ అన్న ప్రశ్న ముందుకొస్తుంది. ఆ ప్రశ్న విన్న పిల్ల తప్పు తనదేనని అక్కడికక్కడే నమ్మేస్తుంది. తర్వాత అమ్మ నుంచి వచ్చే మాట ‘నాన్నకు తెలియనీయకు’.

తల్లిని నిందించి ఊరుకుంటే సరిపోదు. ఆమె కూడా మూల్యం లెక్కే వేస్తోంది. అన్న కొడుకు మీద ఫిర్యాదు చేస్తే పుట్టింటి గుమ్మం మూసుకుపోతుంది. ఇంటి యజమాని మీద చేస్తే గూడు పోతుంది. అందుకే అమ్మాయికి సాయం చేయాలనుకునేవారు ముందు అమ్మకు దన్నుగా నిలవాలి. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా, మహిళా సంఘం లీడర్... వీళ్లలో ఒక్కరైనా తన వైపు మాట్లాడతారన్న భరోసా దొరికిన తల్లి స్టేషన్ దాకా వస్తుంది.

వినేవాళ్లు చేయాల్సింది పెద్ద శాస్త్రమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్పేది స్థూలంగా ఇంతే: అడ్డుపడకుండా వినండి, నమ్ముతున్నానని చెప్పండి, తప్పు నీది కాదని చెప్పండి, ఇప్పుడు ఏం కావాలో అడగండి, ప్రమాదం ఇంకా ఉందేమో చూడండి. వివరాల కోసం పదేపదే తరచి అడగడం పనికిరాదు, అది పోలీసుల పని. అత్యాచారం జరిగి ఉంటే గర్భం రాకుండా, హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు అందాలి. ప్రభుత్వ ఆస్పత్రే కానక్కర్లేదు. ప్రైవేటు ఆస్పత్రైనా సరే బాధితురాలికి ఉచితంగా వైద్యం చేసి తీరాలని చట్టం ఉంది, ఎఫ్ఐఆర్ కాపీ కోసం ఆపకూడదు. ‘ముందు కేసు పెట్టి రండి’ అన్న మాట ఇప్పటికీ కొన్ని క్యాజువాలిటీల్లో వినిపిస్తోందంటే నేరం ఎవరిదో వేరే చెప్పాలా?

రహస్యం విషయంలో ఒక నిజాన్ని మాత్రం అమ్మాయిలకు ముందే చెప్పాలి. ‘నాతో చెప్పమ్మా, ఎవరికీ చెప్పను’ అని టీచర్ మాటివ్వకూడదు. పోక్సో ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థను నడిపేవారికైతే ఏడాది దాకా. హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్లలో ‘పరువు’ కోసం కప్పిపుచ్చే యాజమాన్యాల మెడ మీద ఈ కత్తి ఉండాల్సిందే. అయితే అదే నిబంధన వల్ల గర్భం దాల్చిన పదహారేళ్ల పిల్ల డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి జంకుతుంది, నాటువైద్యాన్ని ఆశ్రయిస్తుంది. 2022 సెప్టెంబరు 29 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఈ ముడిని కొంత సడలించింది. మైనరు, ఆమె సంరక్షకులు కోరితే గర్భస్రావం చేసే డాక్టర్ పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు రాయనక్కర్లేదంది. ఈ సంగతి తెలిసిన వైద్యులు ఎంతమంది, టీచర్లు ఎంతమంది?

పద్దెనిమిది లోపువారితో ఇష్టపూర్వకంగా జరిగిన లైంగిక సంబంధం కూడా నేరమే కావడం మరో తలనొప్పి. 2025లో వచ్చిన ‘కోర్ట్’ సినిమా ఈ కోణాన్ని తెలుగు ప్రేక్షకుల ముందుకు తెచ్చింది, బాగా ఆడింది. అమ్మాయి ఇష్టపడిన కుర్రాడి మీద పెద్దలు పోక్సోను ఆయుధంగా వాడటం నిజంగానే జరుగుతోంది. కానీ ఆ సినిమా చూసి పోక్సో కేసులన్నీ అలాంటివేనని తేల్చేసేవారు ఒక అధ్యయనం చూడాలి. విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ 2022లో రెండు లక్షల ముప్పై వేలకు పైగా పోక్సో కేసుల రికార్డులను పరిశీలించింది. తేలిన కేసుల్లో శిక్ష పడినవి 14 శాతం, నిర్దోషులుగా విడుదలైనవి 43 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో విడుదలలు శిక్షలకు ఏడింతలు. సగటున కేసు తేలడానికి 500 రోజులు దాటుతోంది. ఆ అయిదొందల రోజులూ అమ్మాయి అదే ఊళ్లో, ఒక్కోసారి అదే ఇంట్లో ఉండాలి. రాజీకి వచ్చే పెద్దమనుషులకు అంత వ్యవధి చాలు. సాక్షులు ఎదురుతిరగడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

మరి అమ్మాయిలకు ఏం నేర్పాలి? ప్రభుత్వ బడుల్లో సమగ్ర శిక్ష కింద ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. రాణీ లక్ష్మీబాయి పేరు పెట్టారు. మంచిదే. దేహం మీద పట్టు, గొంతులో బలం వస్తాయి. కానీ పంచ్, కిక్ ఒక్కటే నేర్పితే తెలిసినవాడు ప్రేమగా భుజం మీద చెయ్యి వేసినప్పుడు అది అక్కరకు రాదు. కెన్యా రాజధాని నైరోబీ మురికివాడల్లో చేసిన ప్రయోగం ఇక్కడ ఆసక్తికరం. అక్కడ ‘నో మీన్స్ నో’ సంస్థ హైస్కూల్ అమ్మాయిలకు రెండేసి గంటల చొప్పున ఆరు తరగతులు పెట్టింది. గట్టిగా వద్దని అరవడం, కళ్లలోకి చూసి మాట్లాడటం, మాటల్లో పెట్టి తప్పించుకోవడం నేర్పి, చివరి అస్త్రంగానే దెబ్బ నేర్పింది. 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఏడాదిలో లైంగిక దాడికి గురైన అమ్మాయిల శాతం పది నెలల్లో 24.6 నుంచి 9.2కు తగ్గింది. దాడి జరిగినవారిలో దాన్ని బయటికి చెప్పినవారూ పెరిగారు. అబ్బాయిలకు విడిగా మరో పాఠం పెట్టారు. 2015లో కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో పన్నెండు గంటల శిక్షణ పొందిన మొదటి సంవత్సరం విద్యార్థినుల్లో ఏడాది తర్వాత అత్యాచారాల శాతం 5.2, శిక్షణ లేనివారిలో 9.8. ఆ శిక్షణలో ముఖ్య పాఠం, పరిచయస్తుణ్ని నొప్పిస్తానేమోనన్న మొహమాటాన్ని దాటడం. మొహమాటం మన ఆడపిల్లలకు ఉగ్గుపాలతో పట్టే గుణం కాబట్టి ఈ పాఠం ఇక్కడ మరీ అవసరం.

మన దగ్గరా చెప్పుకోదగ్గ పని జరిగింది. హైదరాబాద్ కేంద్రంగా 2011 నుంచి పనిచేస్తున్న ‘వాయిస్ ఫర్ గర్ల్స్’ ప్రభుత్వ, గురుకుల పాఠశాలల అమ్మాయిలకు శిబిరాలు పెడుతుంది. పాఠాలు చెప్పేది కాలేజీ చదివే యువతులు. నెలసరి, శరీరం, హక్కులు, హద్దు మీరిన స్పర్శ, ఎవరికి ఫోన్ చేయాలి... ఆటలతో, పాత్రాభినయంతో సాగుతాయి. ‘అక్క’ వయసులో ఉన్న మనిషి చెప్పడంలోనే సగం బలం ఉంది. టీనేజీ పిల్ల తన కష్టాన్ని అమ్మానాన్నల కన్నా ముందు స్నేహితురాలికి చెప్పుకుంటుంది. పంచకుల కేసును నిలబెట్టింది స్నేహితురాలేనన్నది మరవకూడదు. కాబట్టి తరగతికి ఇద్దరు పిల్లలకైనా ‘ఎవరైనా చెబితే నేనేం చేయాలి’ అన్నది నేర్పడం, తరగతి మొత్తానికి ‘ధైర్యం’ నూరిపోయడం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. లక్నోలో 2011లో ఉషా విశ్వకర్మ మొదలుపెట్టిన రెడ్ బ్రిగేడ్ అమ్మాయిలు గుంపుగా కదలడంలోని బలాన్ని చూపించారు. ఎరుపు, నలుపు దుస్తుల్లో వీధి నాటకాలు వేశారు, ఆకతాయిల ఇంటికే వెళ్లి నిలదీశారు.

అబ్బాయిలను వదిలేసి అమ్మాయిలకు ఎంత నేర్పినా బరువంతా వాళ్ల నెత్తినే పడుతుంది. హరియాణాలో నాలుగు జిల్లాల 314 ప్రభుత్వ బడుల్లో బ్రేక్‌త్రూ సంస్థ 2014 నుంచి రెండేళ్లకు పైగా స్త్రీపురుష సమానత్వ పాఠాలు చెప్పింది. దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాన్ని కొలిచారు. వైఖరులు మారాయి, రెండేళ్ల తర్వాత కూడా ఆ మార్పు నిలిచింది. నడవడిలో మార్పు అమ్మాయిల కన్నా అబ్బాయిల్లో ఎక్కువ. ఇంటిపనికి చెయ్యి వేయడం మొదలుపెట్టారు. అమ్మాయిలు మారాలనుకున్నా ఇల్లు ఒప్పుకోదు, అబ్బాయి మారాలనుకుంటే అడ్డేముంది?

ఫోన్ల కాలంలో హింస రూపం మార్చుకుంది. ఫొటో మార్ఫింగ్, వీడియో పెడతానన్న బెదిరింపు తొమ్మిదో తరగతికే చేరాయి. ఇంట్లో చెబితే ముందు పోయేది ఫోనే. అందుకే బెదిరించినవాడికే లొంగిపోతుంటారు. ప్రజ్వల సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్ పోరాటాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. పదిహేనేళ్ల వయసులో తన మీద సామూహిక అత్యాచారం జరిగిందని ఆమె బహిరంగంగా చెప్పారు. తర్వాత సమాజం తనను వెలివేసిన తీరే ఎక్కువ బాధించిందనీ చెప్పారు. వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోలపై 2015లో ఆమె రాసిన లేఖను సుప్రీంకోర్టు కేసుగా స్వీకరించింది. పేరు చెప్పకుండానే పిల్లల అశ్లీల వీడియోల మీద ఫిర్యాదు చేసే వీలున్న జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ 2018లో వచ్చింది దాని ఫలితంగానే. పద్దెనిమిది లోపువారి నగ్న చిత్రాలను ఫోన్‌లోంచి బయటికి పంపకుండానే పెద్ద సోషల్ మీడియా వేదికల నుంచి తీయించే ‘టేక్ ఇట్ డౌన్’ సేవ 2023 నుంచి ఉచితంగా ఉంది. 1098, 112, 181 హెల్ప్‌లైన్ నంబర్లతోపాటు ఇవి కూడా బడి గోడ మీద ఉండాలి.

కేసు పెట్టాక అమ్మాయి ఒంటరి కాకూడదన్న ఆలోచన ఇటీవల బలపడుతోంది. ఉత్తరప్రదేశ్‌లోని లలిత్‌పుర్‌లో 2022లో సామూహిక అత్యాచారానికి గురైన పదమూడేళ్ల బాలిక స్టేషన్‌కు వెళితే అక్కడి స్టేషన్ అధికారే అఘాయిత్యం చేశాడన్న ఆరోపణ దేశాన్ని కుదిపింది. ఆ వ్యవహారంలోనే 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, పోక్సో బాధితులకు తోడుగా ఉండే ‘సపోర్ట్ పర్సన్’ను నియమించడం తప్పనిసరి చేసే దిశగా ఆదేశాలిచ్చింది. ఆ తోడు కేసు ఎక్కడిదాకా వచ్చిందో చెబుతుంది, కోర్టుకు వెంట వస్తుంది, పరిహారం అడిగిస్తుంది, పిల్ల మళ్లీ బడికి వెళ్లేలా చూస్తుంది. నియమాలు 2020 నుంచే ఉన్నాయి. జిల్లాల్లో అలాంటి మనుషులు, వారికి జీతాలు మాత్రం ఇప్పటికీ కొరతే.

2025 మే 23న సుప్రీంకోర్టు పశ్చిమ బెంగాల్ అమ్మాయి కేసులో ఇచ్చిన ఉత్తర్వు ఈ చర్చకు కొత్త దిశ చూపింది. పద్నాలుగేళ్లప్పుడు ఆమె ఇల్లు వదిలి ఒక వ్యక్తితో వెళ్లిపోయింది. కేసయింది, ఇంట్లోవాళ్లు వదిలేశారు. ఆమె ఒక బిడ్డ తల్లి అయింది, అతణ్ని విడిపించుకోవడానికి అప్పులపాలైంది. జరిగిన ఘటన కన్నా ఆ తర్వాత పోలీసులు, కోర్టుల చుట్టూ తిరగడమే ఆమెను ఎక్కువ గాయపరిచిందని కోర్టు వేసిన నిపుణుల కమిటీ తేల్చింది. ఏ దశలోనూ అన్నీ తెలుసుకుని నిర్ణయించుకునే అవకాశం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. అతనికి శిక్ష వేయకుండా ఆపిన న్యాయమూర్తులు రాష్ట్ర ప్రభుత్వానికి ఒక బాధ్యత అప్పగించారు. ఆమెకు నిజమైన సంరక్షకుడిగా ఉండాలి, మెరుగైన నీడ చూపించాలి. పదో తరగతి దాకా, ఆమె కోరితే డిగ్రీ పూర్తయ్యేదాకా చదువు ఖర్చు భరించాలి. ఆమె బిడ్డను కూడా పది దాకా చదివించాలి.